వంటింటికీ అడవికీ ఒకే కత్తి: ఏ ఉక్కుతో చేయించుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: విశాఖలో బీచ్‌కి దగ్గర్లో ఇల్లు. రోజూ కూరగాయలు, వారానికి రెండుసార్లు చేపలు. ఏడాదిలో మూడు నాలుగుసార్లు లంబసింగి వైపో అరకు వైపో టెంటు వేసుకుని రెండు రాత్రులు గడుపుతారు. ఈ రెండింటికీ పనికొచ్చేలా ఏడంగుళాల బ్లేడుతో ఒకే కత్తి చేయించుకోవాలనుకుంటున్నారు. చేసేవారు నాలుగు ఉక్కుల పేర్లు చెప్పారు: ఈఎన్31, డీ2, 14సీ28ఎన్, మాగ్నాకట్. వీటిలో ఏది మంచిది, డమాస్కస్ (ఒంటినిండా గీతలు తేలిన ఉక్కు) చేయిస్తే ఇంకా మేలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీరు 14సీ28ఎన్ తీసుకోండి. గట్టిదనం రాక్‌వెల్ సీ స్కేలు (ఉక్కు గట్టిదనాన్ని చెప్పే కొలత) మీద 60 ఉండాలి. పిడి దగ్గర వెన్ను, అంటే అంచుకి ఎదురువైపు, 3 మిల్లీమీటర్ల మందం ఉండి, కొనవైపు పోయేకొద్దీ సన్నబడాలి. మీ ఊరికీ మీ వంటకీ మీ తిరుగుళ్లకీ ఇది సరిపోతుందని గట్టిగా చెప్పగలను. మీరే కర్నూలులోనో అనంతపురంలోనో ఉండి ఇదే ప్రశ్న అడిగితే వేరే జవాబు చెప్పేవాణ్ణి.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో టూల్‌రూముల్లోనూ (ఫ్యాక్టరీలకి అచ్చులూ పనిముట్లూ చేసే చోట్లు), హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేసుల దగ్గరా ఇరవై ఆరేళ్లు పనిచేశాను. రేకుల్ని కత్తిరించే డైలకీ పంచ్‌లకీ కాక పెట్టడం, అంటే ఉక్కుని వేడిచేసి చల్లార్చి గట్టిపరచడమే నా పని. గత పన్నెండేళ్లుగా కత్తులు చేస్తున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది ఉక్కు పేరే. కానీ కత్తి ఎలా కోస్తుందో ముందు దాని ఆకారం తేలుస్తుంది, తర్వాత దానికి పెట్టిన కాక తేలుస్తుంది. ఉక్కు పేరు వచ్చేది మూడో స్థానంలో. అలాగని ఉక్కు ఎలాంటిదైనా ఫరవాలేదని కాదు. మొదటి రెండూ ఎంతదూరం పోవచ్చో హద్దు గీసేది ఉక్కే.

మీ రెండు పనులూ కత్తిని చెరోవైపు లాగుతాయి. వంటింట్లో అంచు పలచగా ఉండాలి. ఉల్లిపాయలోకి తనంతట తాను దిగిపోవాలి, టమాటా తోలు మీద జారకూడదు. అంత పలచని అంచు మడత పడకుండా నిలవాలంటే ఉక్కు గట్టిగా ఉండాలి. అడవిలో ఎండుపుల్లలు చీలుస్తాం, వెదురు కణుపు మీద కత్తి పెట్టి వెన్ను మీద కర్రతో కొడతాం, ఇరుక్కుంటే పక్కకి తిప్పి లాగుతాం. అక్కడ కావాల్సింది దెబ్బ ఓర్చుకునే గుణం. గట్టిదనం పెంచేకొద్దీ ఓర్పు తగ్గుతుంది. కొన్ని ఉక్కులు 60 దగ్గర కూడా చాలా ఓర్పుతో ఉంటాయి, కొన్ని 58కే పెళుసు బారతాయి. ఆ తేడా ఎందుకొస్తుందో తెలిస్తే మీ జాబితాలోంచి సగం పేర్లు వాటంతటవే పోతాయి.

గట్టిపడిన ఉక్కు లోపల కార్బైడ్లు ఉంటాయి. కార్బన్ వెళ్లి క్రోమియంతోనో వెనేడియంతోనో కలిసినప్పుడు ఏర్పడే చాలా గట్టి పలుకులవి. కాంక్రీటులో కంకర లాంటివనుకోండి. కంకర ఉంటే నేల త్వరగా అరగదు, కార్బైడ్లుంటే పదును త్వరగా పోదు. కానీ పెద్ద కంకర వేసిన కాంక్రీటుని పల్చటి పలకలా పోస్తే అంచులు పెళ్లలు పెళ్లలుగా రాలతాయి. కత్తి అంచు చివర మందం మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) ఉంటుంది. అక్కడ పెద్ద కార్బైడ్ పలుకు ఉంటే దాని చుట్టూనే పగులు మొదలవుతుంది. కాబట్టి పలచని అంచూ కావాలి, దెబ్బా ఓర్చాలి అంటే కార్బైడ్లు తక్కువగా, సన్నగా ఉన్న ఉక్కే కావాలి.

ఇక డీ2 సంగతి. మన దగ్గర టూల్ స్టీల్ దుకాణాల్లో దీన్ని హెచ్‌సీహెచ్‌సీఆర్ (హై కార్బన్ హై క్రోమియం) అంటారు. కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం. రేకులు కత్తిరించే డైలకి మహా గొప్ప ఉక్కు, నా ఉద్యోగ జీవితంలో సగం దీనితోనే గడిచింది. అందుకే మొదట్లో కత్తులకీ ఇదే వాడాను. నల్లమల వైపు తరచూ వెళ్లే ఒక మిత్రుడికి 61 గట్టిదనంతో, వంటింటి కత్తి అంత పలచని అంచుతో ఒకటి చేసిచ్చాను. ఇంట్లో నెలరోజులు అద్భుతంగా కోసింది. మొదటి ప్రయాణంలోనే ఎండిన కట్టె చీలుస్తుంటే ముడి దగ్గర అంచు విరిగింది. మూడుచోట్ల చంద్రవంకల్లా పెళ్లలు లేచిపోయాయి, ఒకటి బియ్యపు గింజంత. విరిగినచోట భూతద్దం పెట్టి చూస్తే కాకలో తప్పేమీ కనిపించలేదు, గట్టిదనమూ సరిగ్గానే ఉంది. తప్పు నా ఎంపికది. పోత పోసి సాగదీసిన డీ2లో కార్బైడ్లు పెద్దవి, బారులు తీరి ఉంటాయి. దానికి అంత పలచని అంచు పెట్టి దెబ్బలు తినమనడం నేను చేయకూడని పని. ఆయన వేలికి ఏమీ కానందుకు ఇప్పటికీ ఊరట పడతాను.

డీ2తో ఇంకో చిక్కుంది. 12 శాతం క్రోమియం చూసి చాలామంది ఇది దాదాపు స్టెయిన్‌లెస్ అనుకుంటారు. తుప్పు ఆపేది ఉక్కులో కరిగి ఉన్న క్రోమియం మాత్రమే. కార్బైడ్లలో చిక్కుకున్నది తుప్పు విషయంలో లేనట్టే లెక్క. డీ2లో క్రోమియంలో పెద్ద వాటా కార్బైడ్లకే పోతుంది. మీ ఊరి గాలిలో రెండు రోజులు తుడవకపోతే మచ్చలు పడతాయి. పైగా హెచ్‌సీహెచ్‌సీఆర్ అనే పేరుతోనే కొన్నిచోట్ల డీ3 కూడా అమ్ముతారు. అందులో కార్బన్ 2 శాతానికి అటూఇటూగా ఉంటుంది, ఇంకా పెళుసు. కాబట్టి డీ2ని జాబితాలోంచి తీసేయండి.

ఈఎన్31ని తీసేయమనడానికి మాత్రం నాకు మనసొప్పదు. బేరింగులు చేసే ఉక్కు ఇది. కార్బన్ 1 శాతం, క్రోమియం 1.5 శాతం. కార్బైడ్లు చాలా సన్నవి. పదును పెట్టడం హాయి. మామూలు రాయి మీద పది నిమిషాల్లో వెంట్రుక కోసే అంచు వస్తుంది. దొరకడమూ తేలిక, ధరా తక్కువ. ఎండ ప్రాంతాల్లో ఉండి, కోయగానే కడిగి తుడిచే అలవాటున్నవాళ్లకి నేను ఈ రోజుకీ దీనితోనే చేసిస్తాను. కానీ ఈ మాత్రం క్రోమియం తుప్పుని ఆపదు. ఇనుప కత్తిపీట వాడిన ఇంట్లో పెరిగినవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. అరటికాయ కోస్తే చెయ్యీ కత్తిపీటా రెండూ నల్లబడతాయి, వంకాయ ముక్క అంచు నల్లగీత తేలుతుంది. వాటిలోని టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) ఇనుముతో కలిసి వచ్చే రంగు అది. మామిడికాయ, నిమ్మకాయ, చింతపండు పులుసు అంటిన చేయి, వీటి పులుపు ఉక్కుని తింటుంది. ఇన్నాళ్లూ అమ్మమ్మలు కోసీ కోయగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, గోడకి నిలబెట్టి ఆరబెట్టింది అందుకే. ఇంట్లో కత్తి వాడే ప్రతి మనిషికీ ఆ అలవాటు ఉందా అని ఒకసారి ఆలోచించండి. చేపల ఉప్పునీరూ సముద్రపు గాలీ కలిసినచోట ఒక్కరు మర్చిపోయినా ఒక్క రాత్రిలో ఎర్రటి చుక్కలు లేస్తాయి.

మీ నాలుగింటిలో మిగిలినవి 14సీ28ఎన్, మాగ్నాకట్. రెండూ నిజమైన స్టెయిన్‌లెస్ ఉక్కులే.

14సీ28ఎన్ స్వీడన్ ఉక్కు. శాండ్విక్ కంపెనీ ఉక్కు విభాగం తయారుచేసింది. ఆ విభాగం 2022లో అలెయ్‌మా అనే పేరుతో వేరుపడింది. కార్బన్ 0.62 శాతం, క్రోమియం 14 శాతం, కొద్దిగా నైట్రోజన్. దీని గుట్టంతా ఆ నైట్రోజన్‌లోనే ఉంది. కార్బన్ చేసే గట్టిపరిచే పనిలో కొంత అది చేస్తుంది, పైగా తుప్పుని ఎదుర్కోవడానికీ సాయపడుతుంది. కార్బన్ తగ్గించారు కాబట్టి పెద్ద కార్బైడ్లు ఏర్పడవు, క్రోమియం కరిగే ఉంటుంది. అందుకే ఒకే ఉక్కులో తుప్పు పట్టని గుణం, దెబ్బ ఓర్చుకునే గుణం, సన్నని అంచుకి లొంగే గుణం మూడూ దొరికాయి. నష్టం ఒక్కటే, కార్బైడ్లు తక్కువ కాబట్టి పదును మరీ నెలల తరబడి నిలవదు. మామూలు ఇంటివాడకంలో మూడు నాలుగు వారాలకోసారి రాయి మీద రెండు నిమిషాలు పట్టాలి. నాకైతే అది నష్టంలా అనిపించదు. పదును పెట్టడం తేలికైన కత్తి ఎప్పుడూ పదునుగా ఉంటుంది. కష్టమైన కత్తిని జనం మొండిగానే వాడుతూ పోతారు.

మీరు చేయించుకునేవారి దగ్గర 14సీ28ఎన్ రేకు లేక ఏఈబీ-ఎల్ ఉంటే దాన్ని కాదనకండి. అది గడ్డం గీసుకునే బ్లేడ్ల కోసం పుట్టిన ఉక్కు. కార్బన్ 0.67, క్రోమియం 13 శాతం. ఓర్పులో రెండూ ఇంచుమించు సమానమే. తుప్పు విషయంలో మాత్రం 14సీ28ఎన్ ఒక మెట్టు పైన ఉంటుంది, సముద్రం పక్కన ఆ మెట్టు విలువైనదే. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి రెండింట్లో ఏదైనా ఒకటే అంటాను.

మాగ్నాకట్ గురించి విన్నదంతా చాలావరకు నిజమే. లారిన్ థామస్ అనే లోహశాస్త్రజ్ఞుడు కత్తుల కోసమే ప్రత్యేకంగా రూపొందించారు, 2021లో వచ్చింది. పొడి లోహం పద్ధతిలో చేస్తారు, అంటే కరిగిన ఉక్కుని సన్నటి తుంపరలుగా చిమ్మి, ఆ పొడిని ఒత్తిడితో ఒకటి చేస్తారు. అందువల్ల కార్బైడ్లు పెరిగి పెద్దవయ్యే అవకాశమే ఉండదు. క్రోమియం కార్బైడ్లు లేకుండా కూర్చడం ఆయన చేసిన గొప్ప పని. దాంతో 10.7 శాతం క్రోమియమే ఉన్నా దాదాపు అంతా తుప్పు ఆపడానికే మిగులుతుంది. పదును నిలవడంలో 14సీ28ఎన్ కన్నా చాలా ముందు.

మరి ఎందుకు వద్దన్నాను? మూడు కారణాలు. రేకు ధర ఎన్నో రెట్లు. అందులోని వెనేడియం, నయోబియం కార్బైడ్లు మామూలు సానరాళ్లలో ఉండే గరుకు పలుకుల కన్నా గట్టివి కాబట్టి పదునుకి డైమండ్ ప్లేటు కావాలి, అడవిలో పదును పోతే వాగు ఒడ్డున దొరికిన రాయి మీద సరిచేసుకోలేరు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, ఖరీదైన ఉక్కుకి కాక తప్పితే చౌక ఉక్కు కన్నా హీనంగా తయారవుతుంది. మీ మేకర్ ఇదివరకు మాగ్నాకట్‌తో పది కత్తులైనా చేసి, వాటి గట్టిదనం కొలిచిన లెక్క చూపించగలిగితే, డబ్బు మీకు ఇబ్బంది కాకపోతే తీసుకోండి, పశ్చాత్తాపపడరు. ఆయనకిది మొదటి ముక్క అయితే మాత్రం వద్దు.

కాక గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్లు అడగని విషయం ఇదే. మన ఊరి కమ్మరి లారీ కమాను పట్టీతో కొడవలి చేసేటప్పుడు కొలిమిలో రంగు చూసి, సమయం చూసి నీటిలోనో నూనెలోనో ముంచుతాడు. ఆ కన్ను తరాల అనుభవం. కమాను ఉక్కు లాంటి సాదా కార్బన్ ఉక్కులకి అది చాలు. 800 డిగ్రీలు దాటాక లోపల జరగాల్సింది త్వరగానే జరిగిపోతుంది. స్టెయిన్‌లెస్‌కి కన్ను చాలదు. 14సీ28ఎన్‌ని 1050 నుంచి 1080 డిగ్రీల మధ్య కొన్ని నిమిషాలు అటూఇటూ కదలకుండా నిలపాలి. అప్పుడే కార్బన్, క్రోమియం సరైన మోతాదులో కరుగుతాయి. తక్కువైతే మెత్తగా ఉండిపోతుంది, తుప్పూ పడుతుంది. ఎక్కువైతే రేణువులు పెరిగి పెళుసవుతుంది. గాలి తగిలితే పైపొర కార్బన్ పోగొట్టుకుంటుంది కాబట్టి స్టెయిన్‌లెస్ ఫాయిల్‌లో చుట్టాలి. బయటికి తీయగానే రెండు మందపాటి అల్యూమినియం దిమ్మెల మధ్య నొక్కి చల్లారుస్తాం, దాంతో వంకర కూడా పోదు. ఆ తర్వాత మైనస్ 70 డిగ్రీలకో అంతకన్నా కిందికో చల్లబరచాలి. ఈ మెట్టు వదిలేస్తే మారకుండా మిగిలిపోయిన మెత్తటి భాగం అంచులో ఉండిపోతుంది, అంచు విరగదు గాని మాటిమాటికీ మడత పడుతుంది. చివరికి 180 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు టెంపరింగ్, అంటే పెళుసుతనం తగ్గడానికి తక్కువ వేడి మీద మళ్లీ కాచడం.

ఇవి మేకర్‌ని నేరుగా అడగండి. ఫర్నేసుకి డిజిటల్ కంట్రోలర్ ఉందా, చల్లబరచడానికి డ్రై ఐసా లిక్విడ్ నైట్రోజనా, గట్టిదనం రాక్‌వెల్ యంత్రం మీద కొలుస్తారా? పని తెలిసినవారు ఈ ప్రశ్నలకి నొచ్చుకోరు, సంతోషంగా చెబుతారు. చాలామంది మంచి మేకర్లు బయటి హీట్ ట్రీట్‌మెంట్ షాపుకి పంపిస్తారు, అదేమీ తప్పు కాదు. కానీ అక్కడ డైలతో కలిపి ఒకే లోడులో వేస్తే కత్తికి కావాల్సిన కాక దక్కదు. ఒకసారి నేను బయటికి పంపిన ఆరు బ్లేడ్లు 54 గట్టిదనంతో తిరిగొచ్చాయి. పక్కనున్న పెద్ద దిమ్మెల టెంపరింగ్‌కి సరిపెట్టి వీటినీ 400 డిగ్రీల పైకి తీసుకెళ్లారట. కొలవకపోతే నాకూ తెలిసేది కాదు, పిడులు వేసి అమ్మేసేవాణ్ణి. అప్పట్నుంచి కొలవని బ్లేడు నా చేతిలోంచి బయటికి పోలేదు.

ఉక్కు అసలుదో కాదో అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. మన ఇళ్లలో స్టీలు గిన్నెలు కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూస్తారు, అంటుకోకపోతే మంచి స్టీలని. కత్తి దగ్గర లెక్క తిరగబడుతుంది. గిన్నెల 304 రకం కాకతో గట్టిపడదు, దానితో చేసిన కత్తి వెన్నపూసకే పనికొస్తుంది. గట్టిపడే స్టెయిన్‌లెస్ ఏదైనా అయస్కాంతానికి అంటుకుంటుంది. కాబట్టి మీ కత్తి అంటుకుంటే కంగారు పడకండి, అంటుకోకపోతేనే పడాలి. అంటుకున్నంత మాత్రాన అది 14సీ28ఎన్ అని రుజువు కాదు, అందుకు రేకు కొన్న బిల్లు చూపించమని అడగడమే మీకు తేలిక మార్గం.

ఇక డమాస్కస్. ఈ రోజు ఆ పేరుతో అమ్మేది రెండు రకాల ఉక్కు రేకుల్ని కొలిమిలో కలిపి కొట్టి, మడిచి, మళ్లీ కొట్టి, చివర్లో ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినది. చూడటానికి చాలా అందంగా ఉంటుంది, చేసే చేతికి నిజంగా దండం పెట్టాలి. కానీ కోసేది అంచులో ఉన్న ఉక్కు. గీతలు పదునుని పెంచవు. ఎక్కువగా వాడే 1095, 15ఎన్20 అనే ఉక్కుల జంట రెండూ తుప్పు పట్టేవే. చవగ్గా దొరికే డమాస్కస్‌లో లోపల ఏ ఉక్కులున్నాయో అమ్మేవాడికే తెలియదు.

ఆ పేరుకి అసలు కారణమైన ఉక్కు మాత్రం మన నేలది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుమూ కార్బన్ ఇచ్చే పదార్థాలూ కలిపి కరిగించి ఉక్కు ముద్దలు తీసేవారు. 19వ శతాబ్దం తొలినాళ్లలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్సీ అక్కడికి వెళ్లి చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. ఉక్కు అన్న మాటే ఇంగ్లిషువాళ్ల నోట వూట్జ్ అయిందని చెబుతారు. పేరుమోసిన శాస్త్రవేత్త మైకేల్ ఫారడే అంతటివాడు 1819లో దాని గుట్టు తెలుసుకోవాలని పరీక్షలు చేశాడు. ఆ ఉక్కులో గీతలు మడత పెట్టడం వల్ల వచ్చినవి కావు, కార్బైడ్లు వాటంతటవే బారులు తీరడం వల్ల వచ్చినవి. ఇప్పుడు అమ్మే డమాస్కస్‌కీ దానికీ పేరు తప్ప చుట్టరికం లేదు. మీకు అందం కావాలంటే లోపల 14సీ28ఎన్ గాని ఏఈబీ-ఎల్ గాని ఉండి, పైన స్టెయిన్‌లెస్ గీతల పొరలున్నది చేయించుకోండి. ధర రెట్టింపవుతుంది, కోత మారదు.

ఆకారం దగ్గరికి వద్దాం. సన్నటి బ్లేడు వంగుతుందేమో, గట్టి ఉక్కు వేస్తే వంగదా అని అడుగుతుంటారు. వంగడానికీ ఉక్కు పేరుకీ దాదాపు సంబంధం లేదు, అన్ని ఉక్కుల బిగువూ ఇంచుమించు ఒకటే. అది మందాన్ని బట్టి మారుతుంది, అదీ చాలా వేగంగా. మందం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. వంటింటి కత్తికి 2 మిల్లీమీటర్ల వెన్ను చాలు, అడవి కత్తులకి 4 నుంచి 5 పెడతారు. 4 మిల్లీమీటర్ల కత్తితో క్యారెట్ కోయండి, తెగదు, టక్కుమని చీలుతుంది. అందుకే పిడి దగ్గర 3, కొనకి రెండంగుళాల ముందు 1.8 దాకా సన్నబడమన్నాను. చీల్చే పని పిడి వైపు సగంతో చేస్తారు, కూరగాయల పని ముందు సగంతో. అంచుకి సరిగ్గా పైన మందం 0.35 మిల్లీమీటర్లు ఉండాలి. వంటకే అయితే 0.2కి దిగమనేవాణ్ణి. అంచు కోణం ఒక్కోవైపు 17, 18 డిగ్రీలు. బ్లేడు ఎత్తు 45 మిల్లీమీటర్లు ఉంటే తరిగేటప్పుడు వేళ్ల కణుపులు పలకకి తగలవు.

ఈ కొలతలకి ఇంకో ఉపయోగం ఉంది. మన ఆయుధాల నిబంధనల్లో తొమ్మిదంగుళాల కన్నా పొడవో రెండంగుళాల కన్నా వెడల్పో ఉన్న బ్లేడ్ల ప్రస్తావన ఉంది. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి అందులో మినహాయింపు ఉన్నా, ఏడంగుళాల పొడవు, 45 మిల్లీమీటర్ల ఎత్తులో ఆ చర్చే రాదు. ప్రయాణంలో వంట సామాను డబ్బాలో, ఒరలో పెట్టి తీసుకెళ్లండి, నడుముకి కట్టుకుని ఊళ్లో తిరగకండి. రిజర్వు అడవిలో పచ్చి చెట్టు మీద కత్తి పెట్టకండి. కట్టెలు ఇంటి నుంచో దారిలో ఊళ్లోనో కొనుక్కుని, టెంటు దగ్గర చీల్చుకోండి. మణికట్టు మందం దాకా, ముడుల్లేని సరుగుడు కట్టె అయితే ఈ కత్తి హాయిగా చీలుస్తుంది.

చేయకూడనివి ఇప్పుడే చెప్పేస్తాను, తర్వాత బాధపడకుండా. మటన్ ఎముకలు, గడ్డకట్టిన చేప, కొబ్బరికాయ, ఈ మూడింటికీ దీన్ని వాడకండి. వాటికి కమాను ఉక్కుతో చేసిన మచ్చుకత్తి ఒకటి ఇంట్లో ఉంచుకోండి, అది పదేళ్లు మాట్లాడకుండా పనిచేస్తుంది. గుమ్మడికాయలో దింపి పక్కకి మెలితిప్పకండి. అన్నిటికన్నా ఎక్కువ కత్తులు చచ్చిపోయేది గ్రానైట్ గట్టు మీద. గ్రానైట్‌లోని క్వార్ట్జ్ గట్టిపరిచిన ఉక్కు కన్నా గట్టిది, ఒక్క ఉల్లిపాయ దాని మీద తరిగితే నెల రోజుల పదును పోతుంది. స్టీలు పళ్లెంలో పెట్టి కోసినా అంతే. చెక్క పలక వాడండి. చింతమొద్దు మీద మాంసం కొట్టేవాళ్ల కత్తి అంతకాలం ఎందుకు నిలుస్తుందో గమనించండి.

పదునుకి 400, 1000 గరుకుల రాళ్లు రెండు చాలు. వీధిలో సైకిల్ మీద సానపట్టేవారికి ఈ కత్తి ఇవ్వకండి. వాళ్ల పనితనం మీద నాకు గౌరవమే, కానీ పొడి చక్రం మీద నిప్పురవ్వలు రాలుతుంటే పలచని అంచు క్షణంలో 300 డిగ్రీలు దాటుతుంది. మనం 180 దగ్గర చేసిన టెంపరింగ్ అక్కడితో పోతుంది. అంచు నీలిరంగు తిరిగితే మెత్తబడిందని తెలుస్తుంది గాని, స్టెయిన్‌లెస్‌లో ఆ రంగు ఇంకా ఆలస్యంగా వస్తుంది. రంగు లేదు కదా అని నమ్మడానికి లేదు.

పిడికి టేకో, ఇరుగుడో బాగుంటాయి, కానీ చేపల తడికీ అడవి చెమటకీ మైకార్టా (గుడ్డ పొరల్ని రెసిన్‌తో అతికించి చేసిన పలక) నాకు ఎక్కువ ఇష్టం. తడిచేతికి జారదు, ఉబ్బదు. బ్లేడు ఉక్కు పిడి చివరిదాకా పూర్తిగా ఉండాలి, రెండువైపులా పలకలు అతికించి మేకులు బిగించాలి. ఆ మేకులు కూడా స్టెయిన్‌లెస్‌వే వేయమనండి. ఇత్తడివి మీ గాలికి చిలుము పడతాయి.

ఒర విషయంలో తోలు వైపు మనసు పోతుంది, చూడటానికి అదే బాగుంటుంది. విశాఖలో మాత్రం తోలు ఒరని ప్రయాణానికే వాడండి. తోలు తేమనీ ఉప్పునీ పీల్చి దాచుకుంటుంది, అందులో వారం రోజులు పెట్టి మరిచిపోతే స్టెయిన్‌లెస్ మీద కూడా సూదిమొన లాంటి గుంటలు పడతాయి. కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) ఒర చేయించుకుని, అడుగున నీళ్లు కారిపోవడానికి ఒక బెజ్జం పెట్టమనండి. ఇంట్లో ఉన్నన్నాళ్లూ కత్తిని ఒరలో కాకుండా గాలి తగిలేలా గోడకి తగిలించండి.